నీలం జెల్‌లో తెల్ల గీత: ఎంఎంపీ జైమోగ్రఫీ ప్రాజెక్టు డైరీ

భీమవరంలో ఒక చిన్న పీజీ ల్యాబ్. ఎమ్మెస్సీ చదివే పిల్లలిద్దరు, నేను. ఈ పని ఇంకెవరైనా మొదలుపెడితే, మేం పాడుచేసుకున్న జెల్‌లు వాళ్లు పాడుచేసుకోకూడదని రాస్తున్నాను. మొత్తం 16 జెల్‌లు పోశాం. నమ్మదగ్గవి 8 వచ్చాయి. మిగతా 8 ఎందుకు పోయాయన్నదే ఇక్కడ ఎక్కువగా ఉంటుంది.

మేం వెతుకుతున్నది మ్యాట్రిక్స్ మెటలోప్రోటియేజ్‌లను, అంటే ఎంఎంపీలను. మనిషిలో ఇవి 23 రకాలున్నాయి. కణాల చుట్టూ ఉండే కొలాజెన్ లాంటి ప్రోటీన్‌లను కోయడం వీటి పని. కోసే భాగాన్ని కెటలిటిక్ డొమైన్ అంటారు. దాని మధ్యలో ఒక జింక్ అయాన్, దాన్ని పట్టుకుని మూడు హిస్టిడిన్‌లు ఉంటాయి. జింక్‌ను అంటిపెట్టుకున్న నీటి అణువును పక్కనే ఉన్న గ్లుటామిక్ ఆమ్లం రెచ్చగొడితే, ఆ నీరు వెళ్లి పెప్టైడ్ బంధాన్ని తెంపుతుంది. డొమైన్ ఆకారం నిలబెట్టడానికి ఇంకో జింక్, కొన్ని కాల్షియంలు కూడా కావాలి.

పద్ధతి పేరు జెలటిన్ జైమోగ్రఫీ. జెల్‌లోనే జెలటిన్ కలిపి పోస్తాం. ప్రోటీన్‌లు వాటి సైజును బట్టి విడిపోయాక, జెల్‌ను 37 డిగ్రీల బఫర్‌లో, అంటే పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణంలో, రాత్రంతా ఉంచుతాం. ఎంజైమ్ ఉన్నచోట జెలటిన్ కరుగుతుంది. ప్రోటీన్‌కు పట్టే కుమాసీ బ్లూ రంగు పోస్తే జెల్ అంతా నీలం, ఎంజైమ్ ఉన్నచోట మాత్రం తెల్ల గీత.

ఎంఎంపీల కథ మొదలైందీ ఇలాంటి ఖాళీ మచ్చతోనే. 1962లో జెరోమ్ గ్రాస్, షార్ల్ లాపియేర్ చిరుకప్పల కణజాలం ముక్కలను కొలాజెన్ జెల్ మీద పెట్టి, చుట్టూ జెల్ కరగడం చూశారు. తోక రాలిపోయే చిరుకప్పలో కొలాజెన్‌ను ఎవరు కోస్తున్నారన్నది వాళ్ల ప్రశ్న.

దశ 1: శాంపిల్, జెల్ 1 (రోజు 1–3)

శాంపిల్ నా లాలాజలమే. ఉదయం పళ్లు తోముకోకముందు 2 మిల్లీలీటర్లు, ఐస్‌లో పెట్టిన ట్యూబులోకి. సెంట్రిఫ్యూజ్‌లో 10,000 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, పైన తేరిన నీరు తీసుకున్నాం. బ్రాడ్‌ఫోర్డ్ పద్ధతిలో ప్రోటీన్ మిల్లీలీటరుకు 1.1 మిల్లీగ్రాము వచ్చింది. చిగుళ్ల నుంచి వచ్చే తెల్ల రక్తకణాల వల్ల లాలాజలంలో ఎంఎంపీ-9 బాగానే ఉంటుంది.

పోల్చుకోవడానికి నా వేలి రక్తం. కొత్త లాన్సెట్‌తో పొడిచి 20 మైక్రోలీటర్లు తీసి, 380 మైక్రోలీటర్ల శాంపిల్ బఫర్‌లో కలిపాం. మనిషి రక్తంలో గీతలు ఎక్కడెక్కడ పడాలో తెలుసు కాబట్టి ఇదే మా కొలబద్ద: 72 కిలోడాల్టన్‌ల (ప్రోటీన్ బరువు కొలిచే ప్రమాణం) దగ్గర ప్రో-ఎంఎంపీ-2 (ప్రో- అంటే ఇంకా నిద్రలో ఉన్న రూపం), 92 దగ్గర ప్రో-ఎంఎంపీ-9, దాని పైన 130 ప్రాంతంలో ఎన్‌గాల్ అనే ప్రోటీన్‌తో ముడిపడ్డ ఎంఎంపీ-9, ఇంకా పైన 225 దగ్గర రెండు ఎంఎంపీ-9లు జతకట్టిన రూపం.

జెల్ 1 ఒక చివర నుంచి ఇంకో చివరకి నీలం. ఒక్క గీత లేదు.

కారణం వెతకడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. మామూలు ప్రోటీన్ జెల్‌కు చేసే అలవాటు చొప్పున పిల్లలు శాంపిల్‌లో మెర్కాప్టోఇథనాల్ కలిపి, 95 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు మరిగించారు. జెల్‌లో ఉండే సబ్బు లాంటి ఎస్‌డీఎస్ విప్పిన ఎంజైమ్ తర్వాత మళ్లీ మడుచుకోవాలి. మెర్కాప్టోఇథనాల్ వల్ల లోపలి డైసల్ఫైడ్ ముడులు తెగిపోతే మడుచుకోవడానికి దానికి ఆధారం ఉండదు. తప్పు నాదే. శాంపిల్ బఫర్ సీసా మీద "మామూలు జెల్‌లకు మాత్రమే" అని రాయాల్సింది నేను.

మార్చింది:
1. మెర్కాప్టోఇథనాల్ గానీ డీటీటీ గానీ లేని కొత్త శాంపిల్ బఫర్, వేరే రంగు మూత సీసాలో.
2. మరిగించడం లేదు. గది వేడిలో 10 నిమిషాలు ఉంచి నేరుగా వెల్‌లోకి.

*ఇప్పటిదాకా: జెల్‌లు 1, నమ్మదగ్గవి 0, ఖర్చు 6,000 రూపాయలు (ట్రైటన్, బ్రిజ్, కుమాసీ, లవణాలు కలిపి).*

దశ 2: జెలటిన్ కాని జెలటిన్ (రోజు 4–8)

జెల్ 2 దీనికి పూర్తిగా తిరగబడింది. రంగు వేసి కడిగితే జెల్ అంతా అద్దంలా తెల్లగా ఉంది, లేన్‌లలో (ఒక్కో శాంపిల్ దిగే నిలువు దారుల్లో) మామూలు ప్రోటీన్ గీతలు మాత్రం నీలంగా కనిపిస్తున్నాయి. "మేడమ్, ఎంజైమ్ మొత్తం జెల్‌నే తినేసిందండీ" అంది మా అమ్మాయి. నాకూ ఒక్క నిమిషం అలాగే అనిపించింది. కానీ శాంపిల్ వేయని లేన్‌లో కూడా జెలటిన్ లేకపోతే అది ఎంజైమ్ పని ఎలా అవుతుంది?

ల్యాబ్ జెలటిన్ అయిపోతే, కేకుల సామాన్లు అమ్మే షాపులో 120 రూపాయలు పెట్టి డబ్బా కొన్నాం. డబ్బా వెనక్కి తిప్పి చూస్తే "వెజ్" అని పచ్చ చుక్క. జెలటిన్ అంటే జంతువుల చర్మం, ఎముకల్లోని కొలాజెన్‌ను ఉడికించి తీసేది. పచ్చ చుక్క ఉన్న డబ్బాలో అది ఉండే అవకాశమే లేదు. లోపలున్నది సముద్రపు నాచు నుంచి తీసిన గట్టిపరిచే పొడి, మనం చైనా గ్రాస్ అనే రకం. అది ప్రోటీన్ కాదు, పిండి పదార్థం. కుమాసీ దాన్ని పట్టుకోదు, ఎంఎంపీ దాన్ని కోయలేదు.

ఊరికే అనుకోకుండా, ప్రోటీన్ ఉందో లేదో చెప్పే బైయురెట్ పరీక్ష కూడా చేశాం. డబ్బా పొడి ద్రావణంలో సోడియం హైడ్రాక్సైడ్, కాపర్ సల్ఫేట్ చుక్కలు వేస్తే లేత నీలంగానే ఉండిపోయింది. పక్క ట్యూబులో కోడిగుడ్డు తెల్లసొన ఊదా రంగుకి తిరిగింది. ఏ జెలటిన్ కొన్నా ముందు ఈ రెండు ట్యూబుల పరీక్ష చేయండి. 3 నిమిషాల పని.

పంది చర్మం నుంచి తీసిన టైప్-ఎ జెలటిన్ 100 గ్రాములు తెప్పించాం, 780 రూపాయలు. అప్పటి నుంచి చివరిదాకా వాడిన కొలత ఇది, 8 శాతం జెల్ 10 మిల్లీలీటర్లకి:

1. నీళ్లు 3.62 మిల్లీలీటర్లు
2. 30 శాతం అక్రిలమైడ్-బిస్ 2.67
3. ట్రిస్ 1.5 మోలార్, పీహెచ్ 8.8: 2.5
4. జెలటిన్ ద్రావణం, మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు: 1.0
5. 10 శాతం ఎస్‌డీఎస్ 0.1
6. 10 శాతం అమ్మోనియం పర్‌సల్ఫేట్ 0.1
7. టెమెడ్ 0.01

జెలటిన్‌ను చల్లటి నీళ్లలో 15 నిమిషాలు నాననిచ్చి, తర్వాత 60 డిగ్రీల నీళ్లలో పెట్టి కరిగించండి. గట్టిగా కలిపితే నురగ పట్టి జెల్‌లో బుడగలు మిగులుతాయి. అక్రిలమైడ్ గడ్డకట్టకముందు నరాలకు విషం. గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

*ఇప్పటిదాకా: జెల్‌లు 2, నమ్మదగ్గవి 0, ఖర్చు 7,050.*

దశ 3: బఫర్‌లో సున్నపు తేట (రోజు 9–11)

జెల్ 3 నీలంగా వచ్చింది, గీతలు లేవు. ఈసారి ఆధారం ముందురోజు సాయంత్రమే కళ్లెదుట ఉంది, మేమే పట్టించుకోలేదు. బఫర్‌లో కాల్షియం క్లోరైడ్ పోయగానే గిన్నెలో పల్చటి మజ్జిగ లాంటి మసక. రాత్రికి అడుగున తెల్లటి పొర.

ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉందని పీబీఎస్, అంటే ఫాస్ఫేట్ బఫర్ వాడాం. కాల్షియం, ఫాస్ఫేట్ కలిస్తే కాల్షియం ఫాస్ఫేట్‌గా కిందికి దిగిపోతుంది. జింక్‌ను కూడా ఫాస్ఫేట్ వదలదు. ఎంజైమ్‌కు కావలసిన రెండు లోహాలనూ మేమే గిన్నె అడుగున పాతిపెట్టాం.

బఫర్‌ను ట్రిస్‌కు మార్చాం. అప్పుడు ఒక సందేహం: కాలేజీ నీళ్ల ప్లాంటు నీళ్లతో కడుగుతున్న ట్రేలలో ఫాస్ఫేట్ మిగిలి ఉంటే? ఆమ్లంలో మాలిబ్డేట్ వేసి, క్షయకరణి కలిపితే ఫాస్ఫేట్ ఉన్నచోట నీలం వస్తుంది. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పద్ధతిని ప్రకటించింది ఈ భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. పిల్లలకు ఆ పేరు ఊళ్లో తెలుసు, టెస్ట్‌ట్యూబులో మాత్రం ఎప్పుడూ చూడలేదు. ట్రే కడిగిన మొదటి నీళ్లు నీలమయ్యాయి, మూడో నీళ్లలో రంగు లేదు. ట్రేలు సబ్బు పొడితో తోమడం మానేసి, డిస్టిల్డ్ వాటర్‌తో మూడుసార్లు కడగడం అప్పుడే మొదలుపెట్టాం.

చివరికి నిలిచిన డెవలపింగ్ బఫర్ (జెల్‌ను రాత్రంతా ఉంచేది): ట్రిస్ 50 మిల్లీమోలార్, పీహెచ్ 7.5; సోడియం క్లోరైడ్ 200 మిల్లీమోలార్; కాల్షియం క్లోరైడ్ 5 మిల్లీమోలార్; జింక్ క్లోరైడ్ 1 మైక్రోమోలార్; బ్రిజ్-35, 0.02 శాతం.

*ఇప్పటిదాకా: జెల్‌లు 3, నమ్మదగ్గవి 0, ఖర్చు 7,200.*

దశ 4: కరెంటు కోత (రోజు 12–16)

జెల్ 4లో మొదటిసారి ఏదో కనిపించింది. లైటుకి అడ్డంగా పెట్టి చూస్తే రక్తం లేన్‌లో 92 దగ్గర నీడ లాంటి మరక. ఎస్‌డీఎస్‌ను తీసేసే ట్రైటన్ కడుగుడు సరిపోలేదా, వేడి సరిపోలేదా? రెండూ అనుమానమే కాబట్టి రెండూ విడివిడిగా చూశాం.

ఇంక్యుబేటర్‌లో గరిష్ఠ-కనిష్ఠ థర్మామీటర్ పెట్టాం, 450 రూపాయలు. పొద్దున్న చూస్తే గరిష్ఠం 37.4, కనిష్ఠం 29. రాత్రి రెండున్నర గంటలు కరెంటు పోయిందని వాచ్‌మన్ చెప్పాడు. 18 గంటల పనిలో అన్ని గంటలు చల్లబడితే లేత గీతలు ఇంకా లేతబడతాయి.

చేపల ఎగుమతికి వాడే థర్మోకోల్ పెట్టెలు మా ఊళ్లో ఎక్కడ చూసినా దొరుకుతాయి. ఒకటి తెచ్చి శుభ్రంగా కడిగి, 37 డిగ్రీల నీళ్లు నింపిన లీటరు సీసాలు ఆరు లోపల పేర్చి, మధ్యలో జెల్ ట్రే పెట్టి, పెట్టెను ఇంక్యుబేటర్ లోపలే ఉంచాం. తర్వాతి వారం మళ్లీ రెండు గంటలు కరెంటు పోయినా కనిష్ఠం 35.8 కంటే దిగలేదు.

ట్రైటన్ సంగతి. ఎస్‌డీఎస్ జెల్‌లో ఉన్నంతసేపు ఎంజైమ్ మడుచుకోదు. 2.5 శాతం ట్రైటన్ ఎక్స్-100లో మొదట 15 నిమిషాలు రెండుసార్లు కడిగాం, ట్రేని కదపకుండా. ఇప్పుడు 30 నిమిషాలు రెండుసార్లు, రెండోసారికి కొత్త ద్రావణం, మెల్లగా ఊపుతూ. తర్వాత నురగ పోయేదాకా నీళ్లతో కడిగి, డెవలపింగ్ బఫర్‌లో అరగంట ఉంచి, ఆ బఫర్ పారబోసి కొత్తది పోశాం.

జెల్ 5. రంగు కడుగుతుంటే ఇరవై నిమిషాలకి మొదటి గీత బయటపడింది. రక్తం లేన్‌లో నాలుగూ ఉన్నాయి: 225, 130, 92, 72. లాలాజలంలో 92 గట్టిగా, 130 పల్చగా, 72 దగ్గర సన్నగా. రక్తం లేన్‌లో 72 గీత కిందనే ముదురు నీలం పట్టీ ఒకటి ఉంది, అది ఆల్బుమిన్. రక్తం ఎక్కువ వేస్తే ఆ నీలం పట్టీ ఎంఎంపీ-2 కింది అంచును మింగేస్తుంది. కాబట్టి బఫర్‌లో కలిపిన రక్తం 5 మైక్రోలీటర్లు మించి వేయకండి.

ఇక్కడ పిల్లలు మంచి ప్రశ్న అడిగారు. 92, 72 రెండూ ఇంకా నిద్రలో ఉన్న ప్రో-రూపాలు కదా, అవి జెలటిన్‌ను ఎలా కోశాయి? ప్రో-రూపంలో ముందున్న తోకలోని ఒక సిస్టీన్ వెళ్లి జింక్‌ను మూసి ఉంచుతుంది. 1990లో వాన్ వార్ట్, బిర్కెడాల్-హాన్సెన్ దీనికి సిస్టీన్ స్విచ్ అని పేరు పెట్టారు. ఎస్‌డీఎస్ ప్రోటీన్‌ను విప్పినప్పుడు ఆ సిస్టీన్ పక్కకి జరుగుతుంది. మళ్లీ మడుచుకున్నాక తోక తెగకపోయినా జింక్ తెరిచే ఉంటుంది. అందుకే జైమోగ్రామ్‌లో గీత గట్టిగా ఉందంటే ఒంట్లో ఆ ఎంజైమ్ పనిచేస్తోందని అర్థం కాదు. ఎంత ఉందో చెబుతుంది, ఎంత మేలుకుని ఉందో చెప్పదు.

ప్రో-రూపాన్ని మేలుకొలపడానికి చాలామంది వాడేది పాదరసం ఉన్న ఏపీఎంఏ. మా ల్యాబ్‌లో పాదరసం వ్యర్థాలు పారబోసే సరైన ఏర్పాటు లేదు. అందుకని ఆ పని పెట్టుకోలేదు.

*ఇప్పటిదాకా: జెల్‌లు 5, నమ్మదగ్గవి 1, ఖర్చు 7,950.*

దశ 5: ఎం పక్కన ఇంకో ఎం (రోజు 17–19)

అదే శాంపిల్, అదే కొలత, అదే వేడి. జెల్ 6లో గీతలు నీరసంగా ఉన్నాయి. స్కాన్ చేసి ఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్‌లో కొలిస్తే, జెల్ 5లో రక్తం 92 గీత విస్తీర్ణం 15,800, ఇక్కడ 4,300.

ఆ రోజు మారింది ఒక్కటే. జింక్ స్టాక్ అయిపోతే కొత్తది చేశారు. సీసా మీద "1 ఎం" అని ఉంది. ఉండాల్సింది "1 ఎంఎం", అంటే మిల్లీమోలార్: జింక్ క్లోరైడ్ 13.63 మిల్లీగ్రాములు 100 మిల్లీలీటర్లకి. తూచింది 13.63 గ్రాములు. వెయ్యి రెట్లు. అదే 250 మైక్రోలీటర్లు పావు లీటరు బఫర్‌లో పోస్తే జింక్ 1 మైక్రోమోలార్‌కు బదులు 1 మిల్లీమోలార్ అయింది.

జింక్‌తో నడిచే ఎంజైమ్‌కు జింక్ ఎక్కువైతే ఇంకా బాగా నడవాలి కదా అని పిల్లల వాదన. అలా జరగదు. కార్బాక్సీపెప్టిడేజ్-ఎ, థెర్మోలైసిన్ లాంటి జింక్ ప్రోటియేజ్‌లలో కూడా మిగులు జింక్ పని ఆపేస్తుంది. పనిచేసే జింక్ పక్కనే రెండో జింక్ వచ్చి కూర్చుని దారి మూస్తుంది. ఇంటి తాళంలో ఒక తాళం చెవి ఉండగా ఇంకోటి దూర్చినట్టు. పాత తూకంతో మళ్లీ చేశాక గీతలు వెనక్కి వచ్చాయి.

అప్పటి నుంచి స్టాక్ సీసాల మీద అక్షరాలు కాదు, పూర్తి మాట రాస్తున్నాం: మోలార్, మిల్లీమోలార్, మైక్రోమోలార్.

*ఇప్పటిదాకా: జెల్‌లు 6, నమ్మదగ్గవి 1, ఖర్చు 8,100.*

దశ 6: తెల్ల గీత ఎవరిది? (రోజు 20–27)

నా దృష్టిలో ఈ ప్రాజెక్టు అసలు ఇక్కడే మొదలైంది. జెలటిన్‌ను కోసే ఎంజైమ్‌లు చాలా ఉన్నాయి. ట్రిప్సిన్ కూడా తెల్ల గీత వేస్తుంది. సైజు సరిపోయింది కదా అని ఎంఎంపీ అనేస్తే అది ఊహే. జింక్ తీసేస్తే గీత పోవాలి. అప్పుడే ఆ మాట అనగలం.

జెల్‌లో ఒకే శాంపిల్‌ను లేన్‌లు లేన్‌లుగా వేసి, ట్రైటన్ కడుగుడు తర్వాత బ్లేడుతో పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీని ఒక్కో బఫర్‌లో ఉంచడం పద్ధతి. పట్టీ తలకిందులు కాకుండా కుడి పై మూల కొద్దిగా కోసి గుర్తు పెట్టండి.

జెల్ 7లో లోహాలను పట్టుకునే ఈడీటీఏ 2 మిల్లీమోలార్ వేశాం. గీత సన్నబడింది, పోలేదు. ఒక పూట తలలు పట్టుకున్నాక లెక్క కుదిరింది. బఫర్‌లో కాల్షియం 5 మిల్లీమోలార్ ఉంది. వేసిన ఈడీటీఏ మొత్తం ముందు దానికే చాలలేదు, ఇక ఎంజైమ్ లోపలి జింక్ దాకా వెళ్లేదెక్కడ? పైగా ఈడీటీఏ లోహాన్ని పట్టుకున్నప్పుడు ఆమ్లం విడుదలవుతుంది. కొలిస్తే పీహెచ్ 7.5 నుంచి 7.1కి దిగింది. అంటే గీత సన్నబడటంలో ఆ పాపం ఎంతో కూడా చెప్పలేం.

జెల్ 8కి మార్చినవి:
1. ఈడీటీఏ పట్టీకి కాల్షియం, జింక్ కలపని బఫర్, ఈడీటీఏ 20 మిల్లీమోలార్. కలిపాక పీహెచ్ మళ్లీ 7.5కి తేవాలి.
2. ఇంకో పట్టీకి 1,10-ఫినాంత్రోలిన్ 2 మిల్లీమోలార్, కాల్షియం ఉన్న మామూలు బఫర్‌లో. ఇది కాల్షియం జోలికి పెద్దగా పోదు, జింక్‌ను పట్టుకుంటుంది. ఈడీటీఏ రెండింటినీ తీసేస్తుంది కాబట్టి, ఆగింది జింక్ పోయినందుకా కాల్షియం పోయినందుకా అన్నది ఈడీటీఏ ఒక్కదానితో తేలదు.
3. ఫినాంత్రోలిన్‌ను ఇథనాల్‌లో కరిగించాం కాబట్టి, అంతే ఇథనాల్ వేసిన పట్టీ ఒకటి.

ఫలితం: మామూలు పట్టీలో నాలుగు గీతలు. ఇథనాల్ పట్టీలో నాలుగు. ఈడీటీఏలో ఏమీ లేదు. ఫినాంత్రోలిన్‌లో ఏమీ లేదు, నీలం మాత్రమే. పట్టీలను పక్కపక్కన తెల్ల కాగితం మీద పరిచి చాలాసేపు చూస్తూ ఉండిపోయాం.

జెల్ 9 ట్రిప్సిన్ లాంటి సెరీన్ ప్రోటియేజ్‌ల అనుమానం తీర్చడానికి. మొదట వాటిని ఆపే పీఎంఎస్‌ఎఫ్‌ను బఫర్‌లో వేద్దామనుకున్నాం. కానీ అది నీళ్లలో కొద్ది గంటల్లోనే విరిగిపోతుంది. 18 గంటల ఇంక్యుబేషన్‌లో గీత నిలబడితే అది ఏమీ నిరూపించదు. అందుకని శాంపిల్‌కే 1 మిల్లీమోలార్ పీఎంఎస్‌ఎఫ్ వేసి అరగంట ఉంచి తర్వాత జెల్‌లో వేశాం. పీఎంఎస్‌ఎఫ్ నిజంగా పనిచేస్తోందని చూపడానికి పక్కన ట్రిప్సిన్ 10 నానోగ్రాములు, ఒకటి పీఎంఎస్‌ఎఫ్‌తో, ఒకటి లేకుండా. ట్రిప్సిన్ గీత పీఎంఎస్‌ఎఫ్‌తో మాయమైంది. లాలాజలం 92 కదల్లేదు. ఆ ట్రిప్సిన్ లేన్‌లు లేకుండా ఈ జెల్‌ను నేను లెక్కలోకి తీసుకునేదాన్ని కాదు.

*ఇప్పటిదాకా: జెల్‌లు 9, నమ్మదగ్గవి 3, ఖర్చు 9,650 (ఫినాంత్రోలిన్ 1,100 కలిపి).*

దశ 7: కొలతలు (రోజు 28–36)

ఫోన్‌తో తీసిన ఫొటోలు కొలతకి పనికిరావు. ట్యూబ్‌లైట్ ఒక పక్క నుంచి పడితే జెల్ ఎడమ సగం కుడి సగం కంటే 12 శాతం వెలుతురుగా చదివింది. ఆఫీసులోని ఫ్లాట్‌బెడ్ స్కానర్ వాడాం, గాజు మీద పారదర్శక షీటు వేసి.

లాలాజలం ఎంత వేయాలి? 92 గీత విస్తీర్ణం:
1 మైక్రోలీటరుకు 3,900
2కి 7,600
4కి 14,100
8కి 17,300

నాలుగు దాకా దాదాపు రెట్టింపవుతూ పోయింది, ఎనిమిది దగ్గర ఆగిపోయింది. గీత దగ్గర కోయడానికి జెలటిన్ మిగలకపోతే ఎంజైమ్ ఎంత ఉన్నా తెలుపు అంతకంటే తెల్లబడదు. 4 మైక్రోలీటర్లకి మించి వేయలేదు.

అదే శాంపిల్ 4 మైక్రోలీటర్లు మూడు జెల్‌లలో: 14,100, 11,800, 15,900. ఇంత తేడాతో ఎవరికి ఎక్కువ ఎవరికి తక్కువ అని ఎలా చెబుతాం? అదే జెల్‌లలో వేలి రక్తం 92 గీత 15,300, 13,400, 16,700. లాలాజలాన్ని రక్తంతో భాగిస్తే 0.92, 0.88, 0.95. విచలనం 15 శాతం నుంచి 4 శాతానికి దిగింది. రక్తం స్టాండర్డ్‌ను ఒకేరోజు చేసి, 10 మైక్రోలీటర్ల చొప్పున 40 ట్యూబుల్లో మైనస్ 20లో దాచాం. ఒకసారి కరిగించిన ట్యూబును మళ్లీ గడ్డకట్టించలేదు.

*ఇప్పటిదాకా: జెల్‌లు 12, నమ్మదగ్గవి 6, ఖర్చు 10,100.*

దశ 8: డాక్సీసైక్లిన్ (రోజు 37–42)

1983లో లోర్న్ గోలబ్ బృందం టెట్రాసైక్లిన్ జాతి మందులు చిగుళ్ల కొలాజినేజ్‌ను తగ్గిస్తాయని చూపింది. సూక్ష్మజీవులను చంపే గుణంతో దీనికి సంబంధం లేదు. 1998లో అమెరికాలో 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను చిగుళ్ల జబ్బుకి అనుమతించింది ఈ ఆధారం మీదే. టెట్రాసైక్లిన్‌లలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో లెడర్లీ ల్యాబ్ ప్రకటించింది. కనిపెట్టింది బెంజమిన్ డగ్గర్, అక్కడి పరిశోధనకు పెద్ద సుబ్బారావు గారు. అదే ఏడాది ఆయన పోయారు. దశ 3లో ఫాస్ఫేట్ పరీక్షకు పలికిన పేరే మళ్లీ ఇక్కడ రావడం నాకు చాలా సంతోషమనిపించింది.

జెల్ 13 పోయింది. డాక్సీసైక్లిన్ ద్రావణాన్ని కిటికీ పక్క బల్ల మీద వదిలేశాం. మధ్యాహ్నానికి లేత పసుపు కాస్తా టీ రంగైంది. పట్టీలకీ ఆ రంగు పట్టి స్కానర్ అంకెలు అడ్డదిడ్డంగా వచ్చాయి. వెలుతురు దీనికి పడదు. జెల్ 14కి అప్పటికప్పుడు కలిపి, ట్రేలన్నీ ఫాయిల్‌లో చుట్టాం. 200 మైక్రోమోలార్‌కు 50 మిల్లీలీటర్లలో డాక్సీసైక్లిన్ హైక్లేట్ పొడి 5.13 మిల్లీగ్రాములు.

మందు లేని పట్టీని 100 అనుకుంటే 92 గీత: 50 మైక్రోమోలార్ దగ్గర 81, 100 దగ్గర 62, 200 దగ్గర 37, 400 దగ్గర 18. డాక్సీసైక్లిన్ కాల్షియంను కూడా పట్టుకుంటుంది, కానీ 200 మైక్రోమోలార్ మందుకి బఫర్‌లో కాల్షియం 25 రెట్లుంది. కాబట్టి కాల్షియం కొరత వల్ల ఆగిందనడానికి లేదు.

*ఇప్పటిదాకా: జెల్‌లు 14, నమ్మదగ్గవి 7, ఖర్చు 11,300.*

దశ 9: జింక్ తిరిగి పెడితే (రోజు 43–49)

జింక్ తీస్తే గీత పోయింది, సరే. ఫినాంత్రోలిన్ ఎంజైమ్‌ను ఇంకో రకంగా పాడుచేసి ఉంటే? తీసిన జింక్‌ను తిరిగి ఇస్తే పని తిరిగి రావాలి.

జెల్ 15: ఫినాంత్రోలిన్‌లో 18 గంటలు ఉంచిన పట్టీని నీళ్లలో ఒకసారి ముంచి తీసి, జింక్ ఉన్న కొత్త బఫర్‌లో వేశాం. ఏమీ రాలేదు. జెల్ లోపల ఇంకిన ఫినాంత్రోలిన్ 2 మిల్లీమోలార్ దగ్గర ఉంటే, 1 మైక్రోమోలార్ జింక్ అందులో పడ్డ చినుకే.

జెల్ 16:
1. ఫినాంత్రోలిన్‌లో 18 గంటలు, రెండు పట్టీలు.
2. కాల్షియం ఉన్న, జింక్ లేని ట్రిస్ బఫర్‌తో 20 నిమిషాల చొప్పున నాలుగు కడుగుళ్లు. గాజు వద్దు, కొత్త ప్లాస్టిక్ ట్రేలు మాత్రమే.
3. మొదటి పట్టీ జింక్ 1 మైక్రోమోలార్ ఉన్న బఫర్‌లో, రెండోది జింక్ కలపని అదే బఫర్‌లో. కాల్షియం రెండింటిలోనూ 5 మిల్లీమోలార్.
4. 37 డిగ్రీలు, ఇంకో 18 గంటలు.
5. పోలికకు, ఫినాంత్రోలిన్ చూడని మూడో పట్టీ. ఇది మొదటి 18 గంటలు ట్రైటన్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంది, తర్వాత మామూలు బఫర్‌లో 18 గంటలు.

పొద్దున్న ఏడున్నరకి పిల్లలిద్దరూ నా కంటే ముందే వచ్చి రంగు పోసేశారు. నేను వెళ్లేసరికి కడుగుడు రెండోసారి నడుస్తోంది. జింక్ ఇచ్చిన పట్టీలో 92 దగ్గర నీలం పల్చబడుతూ, పల్చబడుతూ, ఎనిమిదింపావుకి అంచులు తేరిన గీతైంది. "వచ్చిందండీ మేడమ్" అన్నాడు అబ్బాయి, ట్రే మీద నుంచి కళ్లెత్తకుండానే.

మూడో పట్టీ 100 అయితే జింక్ ఇచ్చినది 41, ఇవ్వనిది 9. ఆ 9 నీళ్లలోనో లవణాల్లోనో ఉన్న జాడ జింక్ అయ్యుండొచ్చని నా అనుమానం. అందుకని రసాయనాలన్నీ జాడ లోహాలను పట్టేసే కీలెక్స్ రెజిన్ మీదుగా పోసి ఇదే మళ్లీ చేయబోతున్నాం. 72 గీత రెండు పట్టీల్లోనూ తిరిగి రాలేదు. లాలాజలంలో అది మొదటి నుంచీ సన్నగానే ఉంది కాబట్టి, దానికి రక్తం లేన్‌తోనే విడిగా చూడాలి.

*ఇప్పటిదాకా: జెల్‌లు 16, నమ్మదగ్గవి 8, ఖర్చు 11,600. మైనస్ 20లో మిగిలిన రక్తం ట్యూబులు 23.*